పాత కామిక్స్‌కు కొత్త రంగులు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పని ముగించుకుని ఇంటికి వచ్చాక రాత్రిపూట ఓ గంటసేపు నీటిరంగులతో బొమ్మలు వేసుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. నేను చిత్రలేఖనం ఎక్కడా చేరి నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచి దాచుకున్న పాత కామిక్స్ పుస్తకాలే నాకు గురువులు. వాటిని ఇప్పుడు పునర్ముద్రిస్తున్న తీరు బాధ కలిగించడం వల్లనే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ రోజుల్లో రంగుల కామిక్స్‌ను చవక కాగితం మీద, నాలుగే సిరాలతో, సన్నని చుక్కలుగా అచ్చువేసేవారు. రంగు తరచూ గీత దాటి పక్కకు జరిగేది. అలాంటి అచ్చును నమ్ముకోలేక, వెలుగునీడలనూ దూరాన్నీ ముఖంలోని భావాన్నీ చిత్రకారులు నల్లసిరాతోనే సాధించేవారు. 1937లో ‘ప్రిన్స్ వేలియంట్’ అనే కామిక్స్ మొదలుపెట్టిన చిత్రకారుడు హాల్ ఫాస్టర్ మాటల బుడగలు కూడా వాడకుండా బొమ్మ మీదే భారమంతా వేశారు. బెల్జియం చిత్రకారుడు హెర్జే పద్ధతి వేరు. ఆయన టిన్‌టిన్ కథల్లో నీడలు బహు తక్కువ, అంతా తేటైన గీతే.

చీకట్లో గుర్రం మీద వెళ్తున్న రౌతు బొమ్మ ఒకటి నా దగ్గరి పాత పుస్తకంలో ఉంది. అతని పైవస్త్రానికి నీడవైపు అంచే గీయలేదు, నలుపు నలుపులో కలిసిపోయింది. వెలుగువైపు మాత్రం నాలుగు కుంచె గీతలు, చివరికి వచ్చేసరికి సిరా తగ్గి గరుకుగా తేలినవి. నేను దాన్ని చూసి వేసినప్పుడు రెండు వైపులా అంచు గీసేసరికి రౌతు అట్టముక్కలా తయారయ్యాడు. మూడు రాత్రులు కుస్తీపట్టాక, నీడవైపు గీత మానేస్తేనే అతనికి ఒళ్లు వచ్చింది. నా నీటిరంగుల్లో చెట్ల నీడలు కుదరడం మొదలైంది ఆ తరవాతే.

అదే బొమ్మ కొత్త ముద్రణలో చూసి మనసు చివుక్కుమంది. నున్నటి కాగితం మీద, కంప్యూటర్‌తో దిద్దిన ఊదా నుంచి నీలానికి జారే ఆకాశం. ఆ గరుకు గీతల మధ్య సందులన్నీ రంగుతో పూడిపోయాయి. కొత్త పాఠకులను ఆకట్టుకోవాలన్న ప్రచురణకర్తల ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ డోనాల్డ్ డక్ కామిక్స్‌తో పేరు పొందిన కార్ల్ బార్క్స్ 1966లో ఆ పని నుంచి విరమించి, 1971లో డిస్నీ అనుమతి పొంది తన బాతులను తైలవర్ణాల్లో చిత్రించినప్పుడు, పాత ముఖచిత్రాల దృశ్యాలను తీసుకుని కూడా, వాటిని మొదటి నుంచీ కొత్తగానే వేశారు. రంగు కోసం కూర్చే బొమ్మ వేరు, సిరా కోసం కూర్చిన బొమ్మ వేరు.

ప్రచురణకర్తలు కనీసం ఒక ముద్రణనైనా అసలు గీత చెడకుండా నలుపు తెలుపుల్లో తీసుకురావాలని కోరుతున్నాను. మీ ఆదివారం అనుబంధంలో కూడా, హక్కుదారుల అనుమతితో, వారానికి ఒక్క పాత బొమ్మను పెద్ద పరిమాణంలో ప్రచురిస్తే నాలాంటి వాళ్లు దాన్ని కత్తిరించి బల్ల ముందు అంటించుకుంటారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు