మైపాడు ఒడ్డున స్పీకర్ మోసిన అన్నకు

మైపాడు బీచ్‌లో మా స్టూడెంట్ల పాట షూటింగ్‌కి స్పీకర్ మోసుకొచ్చి, పేరు చెప్పకుండానే వెళ్లిపోయిన సౌండ్ అన్నా, థాంక్స్.

స్లోమోషన్ అంటే సెకనుకు 50 ఫ్రేముల్లో (బొమ్మల్లో) తీసి 25లో వేయడమే అనుకుంటారు. కానీ సెట్లో పాటను రెట్టింపు స్పీడులో మోగించి, ఆర్టిస్టు దానికే పెదాలు కలపకపోతే ఎడిటింగ్‌లో లిప్‌సింక్ కుదరదు. పాట ముందు మూడు బీప్‌లు మీరే పెట్టించారు. అలల హోరులో పాట ఎత్తుకోవడానికి అవే దిక్కు. మామూలు షాట్లలో కెమెరా మైకు ఆపొద్దన్నారు. ఆ గరగర శబ్దమే తర్వాత వీడియోని అసలు పాట ట్రాక్‌తో జత కలపడానికి ఆధారం.

ఇసుక సంగతి సరేసరి. ముందే గుడ్డతో తుడిస్తే లెన్సు మీద గీతలే. బ్లోయర్‌తో ఊదాకే గుడ్డ. లెన్సు మార్చేది కార్లో, అద్దాలెత్తి. తూర్పు తీరం గదా, పొద్దున సముద్రం వెనకుంటే ముఖం నల్లబడుద్ది. ముఖం మీద వెలుగు పడేలా ఎదురుగా తెల్ల థర్మోకోల్ షీటు పట్టాల్సిందే.

బాడుగ తీసుకోలేదు, కనీసం టీ అయినా తాగిపోవాల్సింది అన్నా.