పుస్తకాల మీద పాఠకుల అభిప్రాయాలా, ప్రశంసాపత్రాలా?

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య పాఠకుల చేత తాము చదివిన పుస్తకాల మీద అభిప్రాయాలు రాయించి రెండు నిండు పుటల్లో ప్రచురించారు. సినిమా తారల పెళ్లిళ్లకూ విడాకులకూ చోటు చాలని ఈ రోజుల్లో పుస్తకాలకు రెండు పుటలు ఇవ్వడం సాహసమే కనుక, ఆ సంచిక పాతబడినా ఈ ఉత్తరం రాస్తున్నాను. నవలలు, కథా సంపుటాలు, ఒక ఆత్మకథ, ఒక ప్రాంతీయ చరిత్ర, వైద్యం మీద ఒకటి, వ్యక్తిత్వ వికాసం మీద రెండు, ఇంగ్లీషు నుంచి వచ్చిన సైన్సు పుస్తకం ఒకటి, ఇలా పుస్తకాలు పలు రకాలుగా ఉన్నాయి గానీ వాటి మీద అభిప్రాయం మాత్రం ఒక్కటే. ప్రతి పుస్తకమూ ఏకబిగిన చదివించింది, ప్రతి పుస్తకమూ కళ్లు చెమర్చేలా చేసింది, ప్రతి పుస్తకమూ ప్రతి తెలుగు ఇంటిలోనూ ఉండి తీరవలసిందే!

నవల ఏకబిగిన చదివించిందంటే అది ఒక గుణమని ఒప్పుకుంటాను. శాసనాలు, కైఫీయతులు (ఊళ్ల చరిత్రను నమోదు చేసిన పాత రాతలు), రెవెన్యూ రికార్డులు ఆధారంగా రాశామని చెప్పుకునే చరిత్ర గ్రంథం కూడా ఏకబిగిన చదివించిందంటే ఆ శాసనాల దగ్గర ఆ పాఠకుడు ఒక్కసారైనా ఆగాడా అన్న అనుమానం వస్తుంది. ఫలానా శాసనం ఎక్కడ దొరికింది, దానిని ఎవరు చదివి పరిష్కరించారు, పుస్తకం చివర పదసూచి ఉందా, ఉపయుక్త గ్రంథసూచి ఉందా అన్న ప్రశ్నల్లో ఒక్కటీ ఆ అభిప్రాయంలో లేదు. ఆత్మకథ గురించి రాసినవారు అది "నూటికి నూరుపాళ్లు నిజాయతీగా ఉంది" అని తీర్పు ఇచ్చారు. అదే కాలంలో అవే సభల్లో, అవే జైళ్లలో ఉన్న మరొకరి జ్ఞాపకాలను పక్కన పెట్టుకొని చూడకుండా ఆ నిజాయతీని ఏ తూనికరాళ్లతో తూచారో తెలియదు.

ఇంతకంటె వింత మరొకటి ఉంది. ఒక చారిత్రక నవల మీద రాసిన పాఠకులు అందులోని కథానాయికను నిజంగా జీవించిన వీరనారిగా భావించి, ఆమె పేరు మీద ప్రభుత్వం ఉత్సవం జరపాలని కోరారు. నవలాకారుడు తన ముందుమాటలోనే అది కల్పిత పాత్ర అని స్పష్టంగా చెప్పుకున్నాడు. ముందుమాట చదవని పాఠకుడిని ఏమీ అనలేము. కానీ ఆ కోరికను పెద్ద అక్షరాలతో శీర్షికగా పెట్టిన మీ ఉపసంపాదకులను ఏమనాలి? కల్పనకూ కాల్పనికేతర రచనకూ మధ్య గీత పత్రికా కార్యాలయంలోనే చెరిగిపోతే, రేపు మన ప్రజాప్రతినిధులు ఆ కథానాయికకు విగ్రహం కూడా ఆవిష్కరిస్తారు. దానికి నిధులకు మాత్రం లోటు ఉండదు.

నవ్వుకొని వదిలేయలేనిది వైద్యం మీది పుస్తకం సంగతి. దానిని చదివిన తరువాత తాను షుగరు మాత్రలు మానేశానని ఒక పాఠకుడు రాస్తే, దాని కింద ఒక్క హెచ్చరికైనా లేకుండా, ఒక డాక్టరు అభిప్రాయమైనా తీసుకోకుండా యథాతథంగా అచ్చు వేశారు. కథల పుస్తకాన్ని అతిగా మెచ్చుకుంటే కొన్నవాడికి రెండు వందల రూపాయలు పోతాయి, అంతే. ఇటువంటి పుస్తకాన్ని మెచ్చుకుంటే పోయేది డబ్బు కాదు. ఊహించి రాసినదాన్నీ వాస్తవమని చెప్పుకునేదాన్నీ ఒకే కొలతతో చూడరాదని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

అన్ని అభిప్రాయాల్లో అసంతృప్తి చెందిన పాఠకుడు ఒక్కడూ లేకపోవడం నమ్మశక్యంగా లేదు. తెలుగు పాఠకుడు ఎప్పుడూ ఇంత మెత్తనివాడు కాడు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టి, 1991 దాకా సాగిన "భారతి" సాహిత్య మాసపత్రిక పాత సంచికలు తిరగేస్తే గ్రంథ విమర్శలు, వాటికి ఖండనలు, ఆ ఖండనలకు సమాధానాలు ఎంత పట్టుదలగా రాసుకున్నారో తెలుస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న ఒక మాట అచ్చులో కనబడితే, సురవరం ప్రతాపరెడ్డి గారు బాధపడి ఊరుకోలేదు, 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో "గోలకొండ కవుల సంచిక" వెలువరించారు. చదివినదానితో విభేదించిన పాఠకుడు ఎంత పని చేయగలడో దానిని చూస్తే అర్థమవుతుంది. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆయన రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కే వచ్చింది. అంటే ఆ గౌరవం నవలకో కావ్యానికో దక్కలేదు, చరిత్ర రచనకు దక్కింది. అంతకు ముందే, 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రలు, జీవిత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, నవలలు అన్నింటినీ ఒకే పాఠకుల కోసం అచ్చు వేసింది. ఆ పాఠకుల మనుమలకు నేడు విశేషణాలు తప్ప మరేమీ మిగలలేదంటే నేను నమ్మను. మీరు అడిగినవారిలోనే ఏదో లోపం ఉంది.

ఆ లోపం ఎక్కడో ఊహించడం కష్టం కాదు. ఇవాళ తెలుగు పుస్తకం ఐదారు వందల ప్రతులు అచ్చయితే గొప్ప. వాటిలో సగం ఆవిష్కరణ సభలో వేదిక మీదివారికీ ముందు వరుసలవారికీ ఉచితంగా పోతాయి. శాలువా కప్పించుకొని, పుస్తకం చంకన పెట్టుకొని వెళ్లినవారే మరునాడు "పాఠకులు" అవుతారు. డబ్బు పెట్టి కొన్నవాడికీ, వరుస కట్టి గ్రంథాలయంలో తీసుకున్నవాడికీ మొహమాటం ఉండదు కనుక, వారి అభిప్రాయం వేరుగా ఉంటుంది. దయచేసి ఈసారి వారిని అడగండి.

అయితే గ్రంథాలయానికి వెళ్లి అడుగుదామన్నా అక్కడ కొత్త పుస్తకం ఉండాలి గదా. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మా ప్రాంతంలోనే 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తీసుకువెళ్లి పల్లెవాసులకు ఇచ్చారు. ఇప్పుడు పడవ అక్కరలేదు, తారు రోడ్డు ఉంది, అయినా పుస్తకం రాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. ఆ సొమ్మును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా తమ అవసరాలకు వాడుకుంటున్నాయని మీ జిల్లా పుటల్లోనే ఎన్నోసార్లు చదివాం. వార్త రావడం, అధికారులు "పరిశీలిస్తాం" అనడం, మరుసటి ఏడాది అదే వార్త మళ్లీ రావడం ఆనవాయితీగా మారింది. మా ఊరి శాఖా గ్రంథాలయంలో దినపత్రికలూ పోటీ పరీక్షల గైడ్లూ తప్ప ఈ మధ్య కాలంలో వచ్చిన నవల గానీ చరిత్ర గానీ కనబడదు. ఏ పుస్తకం ఎందుకు కొన్నారు, ఏది ఎందుకు కొనలేదు అని అడిగితే చెప్పే నాథుడు లేడు. మీరు మెచ్చిన పుస్తకాల్లో ఒక్కటైనా అక్కడ దొరికితే నాకు తెలియజేయండి, వెంటనే వెళ్లి తెచ్చుకుంటాను.

ఈ శీర్షికను ఆపమని నేను కోరడం లేదు. మరింత శ్రద్ధగా నడపమని కోరుతున్నాను. ప్రతి పుస్తకం కింద ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం, వెల, దొరికే చోటు వేయండి. అనువాదమైతే అనువాదకుడి పేరు తప్పనిసరిగా వేయండి. మొన్నటి సైన్సు పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చిన మనిషి పేరు రెండు పుటల్లో ఎక్కడా లేదు, దాని తెలుగు "అద్భుతం" అని మాత్రం ఉంది. నవల మీద రాసేవారిని కథ మొత్తం, ముగింపుతో సహా చెప్పేయవద్దని కోరండి. చరిత్ర, వైద్యం, విజ్ఞాన శాస్త్రం మీద వచ్చే అభిప్రాయాలను ఆ విషయం తెలిసినవారికి ఒకసారి చూపించి అచ్చు వేయండి. నచ్చలేదని రాసే ఉత్తరాలు మీకు తప్పకుండా వస్తూనే ఉంటాయి, వాటినీ వేయండి. రచయితలకు కోపం వస్తే వారు సమాధానం రాస్తారు, ఆ సమాధానాన్నీ వేయండి.

స్థలాభావం వల్ల ఈ ఉత్తరాన్ని కుదించవలసి వస్తే ఎక్కడైనా కత్తిరించండి గానీ, గ్రంథాలయ పన్ను సంగతీ, షుగరు మాత్రల సంగతీ మాత్రం తీసివేయవద్దని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా.