తలుపు మీద నుంచి తొలగించిన మాటలు, మా సర్జన్ల అసలు చదువులు

గుంటూరులోని మా సైటు తీసే కంటి లేజర్ కేంద్రానికి వస్తున్న వారందరికీ నమస్కారం. పోయిన నెలలో మా ముందు తలుపు అద్దం మీది అక్షరాలను తొలగించిన సంగతి చాలామంది గమనించారు. కేంద్రం చేతులు మారిందా అని కొందరు ఫోను చేసి అడిగారు. చేతులు మారలేదు. తొలగించినవి రెండు మాటలు: "అంతర్జాతీయ ఫెలోషిప్ (అంటే పీజీ తరువాత ఒక విభాగంలో పొందే ప్రత్యేక శిక్షణ) పొందిన సర్జన్లు" అన్నది ఒకటి, "వేలాది శస్త్రచికిత్సల అనుభవం" అన్నది మరొకటి. చదివిన వారు వాటిని ఒక అర్థంలో తీసుకుంటారు, అసలు సంగతి వేరు. వాటిని రాయించినది నేనే కనుక, వివరం చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు తమ అమ్మాయిని తీసుకుని వచ్చారు. అమ్మాయికి రెండు కళ్లకూ మైనస్ ఆరు సైటు ఉంది. తల్లిగారు తలుపు మీది మాటను చూపించి, "ఈ ఫెలోషిప్ ఏ ఊళ్లో చేశారండీ? ఎన్నాళ్లు చేశారు?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. సాయంత్రం మా పెద్ద డాక్టరు గారిని అడిగితే, "అది ఫెలోషిప్ కాదండీ. మెషిన్ కంపెనీ వాళ్లు సింగపూరులో ఇచ్చిన నాలుగు రోజుల ట్రైనింగు. ఆ మాట మీకు అప్పుడే చెప్పాను కదా" అన్నారు. ఆయన చెప్పిన మాట నిజమే. ప్రకటన తయారుచేసిన వారు బాగుంటుందని ఆ మాట వాడితే, నేను చదివి సరేనన్నాను. మరునాడు పొద్దున్నే మా అబ్బాయి బ్లేడుతో ఆ అక్షరాలను గీకేశాడు. ఏళ్ల తరబడి ఎండ తగలని చోట వాటి ఆకారం మిగిలిపోయింది, పక్కనుంచి చూస్తే ఇప్పటికీ చదవవచ్చు. కొత్త అద్దానికి ఆర్డరు ఇచ్చాము.

రెండవ మాట సంగతి కూడా చెబుతాను. వేలాది శస్త్రచికిత్సలు అన్నది అబద్ధం కాదు గానీ, అందులో అధిక భాగం శుక్లాల ఆపరేషన్లు. శుక్లం తీసి కంటిలో లెన్సు పెట్టడంలో మా పెద్ద డాక్టరు గారి చెయ్యి ఎంత నెమ్మదైనదో ఈ జిల్లాలో ఎన్నో కుటుంబాలకు తెలుసు. అయితే ఆ అనుభవం లోపలి లెన్సుకు సంబంధించినది. లేజర్ పని చేసేది పైనున్న కార్నియా మీద, అంటే కంటి ముందు భాగాన ఉండే పారదర్శకమైన పొర మీద. ఒక దానిలో వచ్చిన నేర్పు రెండవ దానిలో తనంతట తాను రాదు.

నేను వైద్యుణ్ని కాను. మా నాన్నగారి కళ్లజోళ్ల దుకాణంలో పెరిగి, ఆ వ్యాపారం మీదనే ఈ కేంద్రం పెట్టాను. అందువల్ల సర్జన్ల చదువుల గురించి నేను తెలుసుకున్నదంతా వారిని అడిగి, వారి సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని తెలుసుకున్నదే. ఎంబీబీఎస్ తరువాత కంటి వైద్యంలో మూడేళ్ల ఎంఎస్ గానీ డీఎన్‌బీ గానీ చేస్తారు. రెండేళ్ల డిప్లొమా చేసిన వారూ ఉన్నారు. ఈ చదువులన్నింటిలో చేతికి ఎక్కువగా వచ్చేది శుక్లాల పని, ఎందుకంటే ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో వారే ఎక్కువ. సైటు తీసే లేజర్‌ను పీజీలో చూసి ఉండవచ్చు గానీ, సొంతంగా చేసే అవకాశం చాలామందికి దొరకదు. ఆ పని సాధారణంగా తరువాత చేసే ఫెలోషిప్‌లోనే పట్టుబడుతుంది.

మా పెద్ద డాక్టరు గారు ఎంఎస్ పూర్తిచేసినది 1989లో. అప్పటికి ఈ వైద్యమే బాల్యంలో ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు అతినీలలోహిత కాంతినిచ్చే ఎగ్జైమర్ లేజర్ జీవకణజాలాన్ని పక్కభాగాలు కాలకుండా సన్నగా చెక్కగలదని 1981లో కనుగొన్నారు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ ఆయనతో కలిసి దానిని కార్నియాకు వర్తింపజేశారు. చూపున్న మనిషి కంటి మీద మార్గరీట్ మెక్‌డొనాల్డ్ దానిని తొలిసారి వాడినది 1988లో, అమెరికా ప్రభుత్వం సైటు తీయడానికి అనుమతి ఇచ్చినది 1995లో. కనుక మా పెద్ద డాక్టరు గారి తరం వారికి పీజీలో లేజర్ నేర్పలేదనడం వారిని తక్కువ చేయడం కాదు. ఆ తరువాత ఎక్కడ, ఎన్నాళ్లు, ఎవరి పక్కన నిలబడి నేర్చుకున్నారన్నదే మీరు అడగవలసిన ప్రశ్న, మేము చెప్పవలసిన జవాబు.

ఈ నెల నుంచి లేజర్ ఆపరేషన్లు తాను చేయనని పెద్ద డాక్టరు గారు స్వయంగా చెప్పారు. శుక్లాలు, నీటికాసుల రోగులను ఎప్పటిలాగే చూస్తారు. ఆయన ఇక్కడ లేజర్ చేసినవన్నీ తక్కువ పవర్ ఉన్న కళ్లే. వారిలో ఇద్దరికి కొద్దిపాటి సైటు మిగిలి, రెండవసారి లేజర్ చేయవలసి వచ్చింది. ఇది ఎంత అనుభవజ్ఞుల చేతిలోనైనా జరగగలిగినదే. అయినా ఆ ఇద్దరికీ ఆపరేషనుకు ముందు ఆయన శిక్షణ ఎంతటిదో నేను ఉన్నదున్నట్టు చెప్పలేదు. వారి ఇళ్లకు వెళ్లి ఆ మాట చెప్పి వచ్చాను.

ఇకపై లేజర్ చేసేది మా డాక్టరమ్మ గారు. ఆమె ఎంబీబీఎస్ గుంటూరు మెడికల్ కళాశాలలో, ఎంఎస్ విశాఖపట్నంలో పూర్తిచేసి, తరువాత హైదరాబాదులోని ఒక పెద్ద నేత్ర సంస్థలో రెండేళ్లు కార్నియా ఫెలోషిప్ చేశారు. కార్నియా చదివిన వారికీ చదవని వారికీ తేడా ఏమిటో నాకు అర్థమైనది ఆమె ఆపరేషన్లు చేస్తుండగా చూసి కాదు, ఆపరేషను వద్దని చెబుతుండగా చూసి. చిలకలూరిపేట నుంచి వచ్చిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి సైటు రెండున్నరే. మామూలుగా చూస్తే అంతకంటే తేలికైన కేసు ఉండదు. కార్నియా వంపును రంగుల్లో చూపే టొపోగ్రఫీ పటంలో కింది భాగాన నారింజ రంగులో చిన్న మచ్చ కనిపించింది. ఆమె ఆ అబ్బాయిని "కళ్లు బాగా నలుపుకుంటావా నాన్నా?" అని అడిగారు. అవునన్నాడు. అది కెరటోకోనస్ మొదటి దశ, అంటే కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వచ్చే జబ్బు. దాని మీద లేజర్ పెడితే ఉన్న బలం కూడా పోతుంది. లేజర్ తరువాత అలా కార్నియా ఉబ్బిన కళ్లను ఫెలోషిప్‌లో రోజూ చూసిన వారు కనుక ఆ చిన్న మచ్చ దగ్గర ఆమె ఆగారు. ఆ అబ్బాయికి కార్నియాను గట్టిపరిచే చికిత్స జరిగింది, కళ్లద్దాలు అలాగే ఉన్నాయి.

మరో సందర్భంలో లెక్కే అడ్డువచ్చింది. మనలో చాలామందికి కార్నియా మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. వచ్చినావిడకు 510 మాత్రమే ఉంది, సైటు మైనస్ ఎనిమిది. పైపొరను మూతలా లేపి దాని కింద లేజర్‌తో చెక్కే లాసిక్ పద్ధతిలో, ఆ మూతకు, అంటే ఫ్లాపుకు, 110 పోతుంది. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే సైటులో ఒక్కొక్క పాయింటుకు సుమారు 14 చొప్పున 112 పోతుంది. అడుగున మిగిలేది 288. కనీసం 250 ఉంటే చాలునన్నది పాత లెక్క, 300కు తగ్గకూడదన్నది మా డాక్టరమ్మ గారి పట్టు. ఆమె వద్దన్నారు. అటువంటి వారికి కంటి లోపల లెన్సు అమర్చే పని చేయడానికి విజయవాడ నుంచి మరొక సర్జన్ శనివారాలు వస్తారు. ఆయన డీఎన్‌బీ తరువాత ఏడాదిపాటు ఆ విభాగంలోనే ఫెలోషిప్ చేశారు. ఆయన మా సిబ్బంది కాదు, విజిటింగ్ డాక్టరు. ఆపరేషను మరునాడు ఆదివారం మిమ్మల్ని చూసేది డాక్టరమ్మ గారే అన్న సంగతి ముందే తెలిసి ఉండాలి.

పేరు వెనుక కనిపించే పొట్టి అక్షరాల గురించి ఒక మాట. ఎఫ్ఆర్‌సీఎస్, ఎఫ్ఐసీఓ వంటివి పరీక్షలు నెగ్గి సంపాదించుకునే అర్హతలు. కష్టపడితే గానీ రావు. అయినా అవి లేజర్ చేతికి వచ్చిందనడానికి రుజువు కావు. గుర్తింపు ఉన్న అర్హతలను మాత్రమే పేరు పక్కన రాయాలనీ, రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ మందుల చీటీ మీదా కనిపించాలనీ 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. మా చీటీల మీద ఆ నంబరు చదవలేనంత చిన్నదిగా ఉండేది, ఇప్పుడు పెద్దది చేశాము. ఆ నంబరుతో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో విచారించుకోవచ్చు. పీజీ చదువు కూడా అక్కడ నమోదై ఉండాలి.

మీ కంటి కొలతలు తీసేది సర్జన్ కాదు, మా ఆప్టోమెట్రిస్టు అమ్మాయి. నాలుగేళ్ల డిగ్రీ చేసిన మనిషి. కాంటాక్టు లెన్సులు పెట్టుకుని వచ్చిన వారిని ఆమె వెనక్కు పంపితే దయచేసి కోపగించుకోవద్దు, లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం మారి కొలత తప్పుతుంది.

ముగ్గురు సర్జన్ల సర్టిఫికెట్ల నకళ్లు ఒక ఫైలులో పెట్టి కౌంటరు దగ్గర ఉంచాము. పాత ప్రకటన చూసి మా వద్ద లేజర్ చేయించుకున్న వారు తమ కాగితాలు తీసుకుని ఏ రోజైనా రావచ్చు. మీ ఆపరేషను చేసినది ఎవరో, నాటికి వారి శిక్షణ ఏమిటో, మీ కార్నియా మందం ఎంత మిగిలిందో రాసి ఇస్తాము. టొపోగ్రఫీ మళ్లీ తీయించుకోదలచిన వారి వద్ద రుసుము తీసుకోము.