డిగ్రీ ఈక్వలెన్స్ విషయంలో అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మిత్రులకు, దగ్గర కూర్చుని సిలబస్‌లు సరిచూసిన రిటైర్డ్ లెక్చరర్ సార్‌కి, కేసు తీసుకున్న అడ్వకేట్ మేడమ్‌కి, యూనివర్సిటీ అకడమిక్ సెక్షన్ సిబ్బందికి స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచర్) పోస్టుల అభ్యర్థులందరి తరఫున నమస్కారాలు. ఉత్త థ్యాంక్స్‌తో సరిపెట్టాలని లేదు. తాము చదివిన డిగ్రీ నోటిఫికేషన్‌లో అడిగిన డిగ్రీకి సమానమే (ఈక్వలెన్స్) అని చూపించుకోవాల్సి రావడమే మా చిక్కు. మీరు చేసిన సాయం ఏమిటో వివరంగా రాస్తే ఇదే చిక్కులో ఉన్న మరో పదిమందికి పనికొస్తుంది.

మొదటి నమస్కారం లెక్చరర్ సార్‌కి. మెమో మీద మైక్రోబయాలజీ అనో అప్లైడ్ మ్యాథమెటిక్స్ అనో ఉండి, నోటిఫికేషన్‌లో ఆ పేరు లేకపోతే ఫైలు సర్టిఫికెట్ వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతుంది. బయటి రాష్ట్రాల ఆనర్స్ డిగ్రీలది ఇంకో తంటా. మన దగ్గర మూడు ఆప్షనల్స్ సమానంగా ఉండే డిగ్రీలే ఎక్కువ కాబట్టి నిబంధనల్లోని మాటలు కూడా వాటికి తగ్గట్టే ఉంటాయి. ఒక మెయిన్, రెండు అనుబంధ సబ్జెక్టులు ఉన్న మెమో వాటిలో ఇమడదు. దీనికి సార్ చేయించింది ఒక్క పట్టిక. ఎడమవైపు అడిగిన సబ్జెక్టులోని పేపర్లు, కుడివైపు అభ్యర్థి చదివిన పేపర్లు, ప్రతిదానికీ సెమిస్టర్, పేపర్ కోడ్, క్రెడిట్లు, యూనిట్ల పేర్లు. ఏ యూనిట్ కలవలేదో దాన్ని దాచకుండా ఖాళీగానే వదలమన్నారు. సిలబస్ మాత్రం కోర్సులో చేరిన సంవత్సరానిదే కావాలి. వెబ్‌సైట్‌లో ఇప్పుడున్నది ప్రింట్ తీసి పెడితే అవతలివాళ్లు మొదట పట్టుకునేది అదే. ప్రతి పేజీ మీదా కాలేజీ లేదా యూనివర్సిటీ అటెస్టేషన్ ఉండాలి. ఇంకొక మాట: డిగ్రీ సబ్జెక్టు కుదిరినా బీఈడీలో మెథడాలజీ (బోధనా పద్ధతుల సబ్జెక్టు) వేరే అయితే ఏ ఈక్వలెన్స్ లేఖా ఆదుకోదు. ఆ రెండూ వేర్వేరు అర్హతలు.

అకడమిక్ సెక్షన్ వాళ్లకు ప్రత్యేకంగా రుణపడి ఉంటాం. మామూలుగా యూనివర్సిటీ ఇచ్చే లేఖలో 'పై చదువుల్లో ప్రవేశానికి' అని ఉంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఉద్యోగానికి చెల్లదంటారు. ఏ కోర్సు, ఏ సంవత్సరం సిలబస్, ఏ కోర్సుకు సమానం అన్నది విడివిడిగా రాసి, సిలబస్‌లు చూసే స్టడీస్ బోర్డు అభిప్రాయం ఆధారంగా ఇస్తున్నామని చేర్చడం వల్లే లేఖకు బలం వచ్చింది. సమానత్వాన్ని ఊహించుకోవడం కుదరదని, దానికి స్పష్టమైన నిర్ణయం ఉండాలని గురునానక్ దేవ్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. దూరవిద్య డిగ్రీల సంగతి వేరు. యూజీసీ 2020 నిబంధనల్లో 22వది వాటిని రెగ్యులర్ డిగ్రీలతో సమానం అంటుంది. కాకపోతే చేరిన సంవత్సరానికి ఆ సంస్థకూ ఆ కోర్సుకూ గుర్తింపు ఉందని చూపే కాగితం జతచేయాలి.

అడ్వకేట్ మేడమ్ మొదటి రోజే ఆపించిన వాదన ఒకటుంది: 'మాది అడిగినదానికంటే పెద్ద చదువు' అన్నది. ఐటీఐ అడిగిన పోస్టుకు డిప్లొమా ఉంది కదా అంటే కుదరదని జహూర్ అహ్మద్ రాథర్ కేసులో 2018లో తీర్పు వచ్చింది. బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చడం మనందరికీ తెలిసిందే. మరి కోర్టులో దారి ఎక్కడుంది? పాత హైదరాబాద్ రాష్ట్ర ఇంజినీరింగ్ సూపర్‌వైజర్ల కేసులోనే ఉంది, మహమ్మద్ షుజాత్ అలీ తీర్పు, 1974. నిపుణుల సిఫారసు మీద ప్రభుత్వం తీసుకున్న నిర్ణయంలో కోర్టు సాధారణంగా వేలు పెట్టదు. ఆ నిర్ణయం సంబంధం లేని కారణాల మీద ఆధారపడ్డా, దురుద్దేశంతో చేసినా, హేతువుకు నిలవకపోయినా, కళ్లకు కనిపించేంత తప్పైనా మాత్రం చూస్తుంది. అసలు నిపుణుల దగ్గరికే పంపకుండా తిరస్కరిస్తే వాళ్ల దగ్గరికి పంపమనే అడగాలి.

అందుకే హైకోర్టులో వేసిన రిట్ పిటిషన్‌లో 'మా డిగ్రీ సమానమని ప్రకటించండి' అని కోరలేదు. నిపుణుల కమిటీకి పంపి కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని, అంతవరకూ ప్రొవిజనల్‌గా (తాత్కాలికంగా) అనుమతించి పోస్టు ఖాళీగా ఉంచాలని కోరారు. దానికి ముందు అధికారులకు రిప్రజెంటేషన్ (వినతిపత్రం) ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం తప్పనిసరి. నిబంధన మీదే అభ్యంతరమైతే పరీక్షకు ముందే సవాలు చేయాలి. పరీక్ష రాసి, ఫలితం చూశాక నిబంధన తప్పంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. సెలక్షన్ లిస్టు వచ్చాక వెళ్తే ఎంపికైనవాళ్లను కూడా పార్టీలుగా చేర్చాలి. అది చేయక కొట్టేయించుకున్నవి ఎన్నో. ఈక్వలెన్స్ లేఖ తేదీ కొంచెం తర్వాతిదైతే అది ముందునుంచీ ఉన్న అర్హతనే ధ్రువీకరిస్తోందని వాదించవచ్చు. డిగ్రీ పాసైన తేదీ మాత్రం అర్హతకు పెట్టిన కటాఫ్ తేదీ దాటితే వాదనే లేదు.

లైబ్రరీ తమ్ముళ్లు, చెల్లెళ్లు వేసిన ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తులు కేసుకు వెన్నెముక. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. 'మా డిగ్రీ చెల్లుతుందా' అని అడిగితే అది అభిప్రాయం, సమాచారం కాదని తిప్పి పంపుతారు. కిందటి నియామకాల్లో ఇదే డిగ్రీని ఏ పోస్టుకు ఆమోదించారు, కమిటీ మినిట్స్ కాపీ ఇవ్వండి అని అడగాలి. అదే డిగ్రీతో ఇంతకుముందు తీసుకున్నారన్న కాగితం ఒక్కటి దొరికితే పది పేజీల వాదనకు సమానం.

చివరగా హైకోర్టు దగ్గరి జిరాక్స్ షాపు అన్నకు. మసకబారిన మెమోలన్నీ మళ్లీ టైప్ చేసి, హిందీ, మరాఠీ సర్టిఫికెట్లకు ఇంగ్లీషు అనువాదాలు జతచేసి, పేజీ నంబర్లు వరుసగా వేసి ఇచ్చారు. ఫైలింగ్‌లో ఒక్క అబ్జెక్షన్ కూడా పడలేదు. సార్ తయారుచేయించిన పట్టిక ఖాళీ నమూనా, ఆర్టీఐ దరఖాస్తు నమూనా లైబ్రరీ మిత్రుల దగ్గర ఉంచాం. కావలసినవాళ్లు జిరాక్స్ తీసుకోండి.