మంత్రిగారూ, రెండో వరుసలో మీకో కుర్చీ ఉంది

గౌరవనీయులైన సాంఘిక సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను ఒక పౌర క్లబ్బులో కార్యక్రమాల కార్యదర్శిని. పేరు పెద్దదే గానీ పని చిన్నది. మీటింగు మీటింగుకూ ఒక వక్తను వెతికి పట్టుకురావాలి, మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి, టైము దాటితే మొహమాటం లేకుండా చీటీ అందించాలి. ఆ మధ్య ఒకరోజు మొహమాటపడకూడని చోట మొహమాటపడి, పడాల్సిన చోట పడకుండా చీటీ అందించాను. ఈ ఉత్తరం దాని గురించే. అందులో మీ శాఖకూ కొంత వాటా ఉంది.

ఆ రోజు మా అతిథి వీల్‌చైర్ వాడేవాళ్లు కలిసి పెట్టుకున్న చిన్న సేవా బృందం తరఫున వచ్చారు. 20 నిమిషాలు మీవే అని ముందే చెప్పాం. నాలుగు పేజీలు రాసుకొచ్చారు. ఒళ్లో పెట్టుకుని, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పైన కళ్లజోడు డబ్బా ఉంచుకున్నారు. ఇంకాసేపట్లో మొదలుపెడతామనగా మీ శాఖ అధికారి ఒకరు వస్తున్నారని ఫోను వచ్చింది.

అధికారి వస్తున్నారంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అనుకున్న వరసంతా తారుమారైంది. స్వాగతం, పరిచయం, ఆయన ప్రసంగం, ఫొటోలు. ప్రసంగంలో పథకాల పేర్లన్నీ చదివారు. ఆ తర్వాత ఇంకో మీటింగు ఉందంటూ లేచి వెళ్లిపోయారు. మా వక్తకు మిగిలింది 6 నిమిషాలు. ఆ సంగతి రాసిన చీటీ ఆయన చేతికిచ్చింది నేనే.

ఆయన పేజీలు మడిచి పక్కన పెట్టి, ఒక్క సంగతి చెప్పారు. ఒక ప్రభుత్వ ఆఫీసుకు ర్యాంపు ఉంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున లెక్క ప్రకారమే కట్టారు. పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉంది. పైకెక్కితే గ్రిల్ గేటు, దానికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ కూర్చునేది మెట్ల వైపు గుమ్మం దగ్గర. మెట్లెక్కి వెళ్లి తాళంచెవి అడగగలిగిన మనిషికి ఆ ర్యాంపుతో పనేముంది? హాల్లో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

అధికారి ఇంకో పది నిమిషాలు కూర్చుని ఉంటే ఆ తాళం కథ ఒక్క ఫోనుతో తేలిపోయేది. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఫైలు కదలక్కర్లేదు. సమస్య తెలిసిన మనిషీ, దాన్ని తీర్చగలిగిన మనిషీ ఒకే హాల్లోకి వచ్చారు. కాకపోతే ఒకరు మాట్లాడి వెళ్లాక రెండోవారికి మైకు దొరికింది.

మంత్రిగారూ, ఇలాంటి క్లబ్బుల చరిత్రలో వక్తలను విన్నందువల్లే జరిగిన పనులున్నాయి. 1925 జూన్ 30న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో లయన్స్ క్లబ్బుల మహాసభ జరిగింది. చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అక్కడికి అతిథి వక్తగా వచ్చారు. అప్పటికే ఆవిడ అంధుల కోసం పనిచేసే ఒక సంస్థ తరఫున ఊరూరూ తిరుగుతున్నారు. చూపు లేనివారి పక్షాన యోధులుగా నిలబడమని లయన్లను అడిగారు. వాళ్లు ఆ మాటను నెత్తికెత్తుకున్నారు. కంటిచూపు కోసం పనిచేయడం నేటికీ లయన్స్ క్లబ్బుల ప్రధాన సేవల్లో ఒకటి.

ఐదేళ్ల తర్వాత, 1930లో, ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో జరిగింది మీకు ఇంకా దగ్గరి విషయం. నల్ల కర్రతో రోడ్డు దాటలేక తడబడుతున్న ఒక అంధుణ్ణి అక్కడి లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు చూశారు. బండ్లు నడిపేవారి కంటికి ఆ కర్ర ఆనడం లేదు. కర్రకు తెల్లరంగు వేసి ఎర్రపట్టీ పెడదామని క్లబ్బు తీర్మానించింది. ఆ ఏడు డిసెంబరులోనే అక్కడి నగర పాలక మండలి తెల్లకర్ర పట్టుకున్నవారికి రోడ్డు మీద దారివ్వాలని నిబంధన తెచ్చింది. తెల్లరంగు క్లబ్బువారే వేసుకోగలరు, నిబంధన మాత్రం పాలకులే పెట్టాలి. నేను మీకు రాయడానికి కారణం అదే.

తప్పంతా మీ శాఖ మీదికే నెట్టడం లేదు. మా క్లబ్బుల్లోనూ సేవా బృందాల వాళ్లంటే మీటింగులో ఖాళీ పూరించేవాళ్లనే చూపు ఒకటుంది. విన్నాక చప్పట్లు కొట్టి, ఫొటో దిగి, "విరాళం ఏమైనా కావాలా?" అని అడిగేస్తాం. విరాళం ఇస్తే చెప్పింది మర్చిపోవచ్చు కదా! వక్తల్లో కూడా అందరూ చక్కగా చెప్తారని కాదు. మొదటి స్లైడు నుంచి చివరిదాకా తెర మీద ఉన్నదే చదివి మమ్మల్ని నిద్రపుచ్చినవాళ్లూ ఉన్నారు.

అయినా ఆ 20 నిమిషాల్లో దొరికేది మరో చోట దొరకదు. ఒకసారి రక్తదాతల బృందం నుంచి ఒకావిడ వచ్చారు. పెద్ద శిబిరాలకు చాలా సంతోషం, కానీ అన్నీ ఒకే వారంలో పెట్టకండి అని మొదలుపెట్టారు. ఎర్రకణాలను దాదాపు 42 రోజులు నిల్వ ఉంచవచ్చట, ప్లేట్‌లెట్లు మాత్రం సాధారణంగా 5 రోజులకు మించి ఉండవు. ఒకేరోజు వందలమంది ఇస్తే వారం తిరిగేసరికి ప్లేట్‌లెట్ల అల్మారా ఖాళీ. రిబ్బను కత్తిరించడానికి వెళ్లేవారిలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? నాకైతే ఆ రోజుదాకా తెలియదు. ఆవిడ రోజూ ఫోన్ల మీద ఉండి దాతలను వెతుకుతారు, అందుకే ఆవిడకు తెలుసు.

మీ దగ్గరికి అర్జీలు వస్తాయి కదా అనవచ్చు. అర్జీ పట్టుకొచ్చిన మనిషి వరసలో నిలబడి, భయపడుతూ, రెండు ముక్కల్లో తన బాధ చెప్పుకుంటారు. క్లబ్బులో మాట్లాడే మనిషి అలా రారు. ఎన్నో అర్జీల వెనకున్న సంగతిని చూసి చూసి వస్తారు. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో నాలుగో అధికరణం కూడా, వారికి సంబంధించిన నిర్ణయాల్లో వారి సంస్థలను దగ్గరుండి సంప్రదించాలనే చెప్తోంది. సంప్రదింపులంటే పెద్ద సదస్సు పెట్టక్కర్లేదు, మా హాలు చాలు.

అందుకని అడుగుతున్నాను. సేవా బృందాలు మాట్లాడే రోజున మీ శాఖ నుంచి ఒకరిని పంపండి. నెలకో కొత్త మొహం వద్దు, ప్రతిసారీ ఆ ఒక్కరే రావాలి. తాళంచెవి లాంటి చిన్న విషయాల్లో అక్కడికక్కడే నిర్ణయం తీసుకోగలిగిన అధికారం వారికి ఉండాలి. ప్రసంగం వద్దు. నోట్సు రాసుకుని, తర్వాతి మీటింగులో రెండు నిమిషాలు తీసుకుని ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు చెప్తే చాలు. కాలేదన్నా ఏమీ అనుకోం. అసలేమీ చెప్పకపోతేనే ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి, ఇది కొంచెం ఇబ్బందైన సంగతే. కొన్ని బృందాలకు మీ శాఖ నుంచే గ్రాంటు వస్తుంది. అధికారి ఎదురుగా కూర్చుంటే వాళ్ల గొంతు పెగలదు. మీటింగులో చెప్పిన మాట గ్రాంటుకు అడ్డు రాదని మీరు ఒక సర్క్యులర్ ఇస్తే వాళ్లకు ఆ టెన్షన్ ఉండదు.

ర్యాంపు గురించి చెప్పిన ఆయన్ని వచ్చే నెల రెండో మీటింగుకు మళ్లీ పిలిచాం. ఒప్పుకున్నారు గానీ, "ఈసారి 20 నిమిషాలేనా, లేక 6 నిమిషాలా?" అని నవ్వుతూనే అడిగారు. 20 అని మాటిచ్చాను. వీలైతే మీరే రండి. రెండో వరుసలో చివరి కుర్చీ మీకోసం ఉంచుతాను. ఆహ్వానపత్రంలో మీ పేరు వేయం, వేదిక మీదికి పిలవం. వచ్చేటప్పుడు దారిలో ఆ గేటు తాళం ఉందో లేదో చూసి రండి.

ఇట్లు,
ఒక పౌర క్లబ్బు కార్యక్రమాల కార్యదర్శి