హాసినికి, కొత్త జట్టు విషయమై

చిరంజీవి హాసినికి, నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ కెనడాలోని కాల్గరీలో మేమంతా క్షేమం. చదువుకోసం వెళ్ళిన ఎడ్మంటన్‌లో నువ్వు క్షేమమని తలుస్తాను.

నువ్వు అడిగిన సంగతి ఫోనులో తేలేది కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. మంచు మీద రాళ్ళు జార్చి ఆడే మన కర్లింగ్‌లో, ఎడ్మంటన్ జట్టువారు వచ్చే సీజనుకు నిన్ను లీడ్‌గా, అంటే అందరికంటే ముందు రాళ్ళు వేసే మనిషిగా, రమ్మన్నారనీ, ఇన్నాళ్ళూ కలిసి ఆడిన కాల్గరీ పిల్లలను వదిలి వెళ్ళాలా వద్దా అనీ అడిగావు. దానితోపాటు కొంచెం కోపంగానే, “దేశంలో బాగా ఆడే నలుగురినీ ఏరి ప్రపంచ జూనియర్ పోటీలకు దేశపు సంఘంవాళ్ళే పంపవచ్చు కదా, జట్లు మారే ఈ గొడవంతా మా నెత్తిన ఎందుకు?” అన్నావు. రెండో ప్రశ్న సంగతి తేలితేగాని మొదటిదానికి జవాబు దొరకదని నా అభిప్రాయం. అందుచేత అక్కడినుంచే మొదలుపెడతాను.

మేము పెరిగిన చోట ఎంపిక అంటే క్రికెట్ ఎంపికే. జిల్లాలోనో రాష్ట్రంలోనో పరుగులు తీస్తే రాష్ట్ర సంఘం వారి కంట పడతాం, రాష్ట్రం తరఫున ఆడితే జాతీయ సెలెక్టర్ల కంట పడతాం, ఒకరోజు పేపర్లో పేర్ల జాబితా వస్తుంది. భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష 2023లోనూ 2025లోనూ అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులోకి వెళ్ళింది ఆ దారినే. అక్కడ ఎంచేది మనిషిని. పదిహేను మందిని ఏరి జట్టు అంటారు, వాళ్ళలో కొందరు ఒకరికొకరు పరిచయమయ్యేది శిబిరంలోనే. నీ మనసులో ఉన్నది కూడా ఆ పద్ధతే అనుకుంటాను, ఎంతైనా టీవీలో ఆ ఆటే చూస్తూ పెరిగిన ఇల్లు మనది.

ఇక్కడ కర్లింగ్‌లో ఎంచేది జట్టును. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఎవరూ ఎంచరు, గెలిచిన జట్టు వెళుతుంది. పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు, ఒంటారియో నుంచి విడిగా ఆడే ఉత్తర ఒంటారియో, మొత్తం 14 సంఘాలు తమతమ పోటీలు పెట్టుకుంటాయి. అల్బర్టాలో గెలిస్తే అల్బర్టా జాకెట్ వేసుకుని జాతీయ అండర్-20 పోటీలకు వెళతారు, అక్కడ గెలిచిన జట్టు ఆ తర్వాతి సీజనులో కెనడా జాకెట్ వేసుకుని ప్రపంచ జూనియర్ పోటీలకు వెళుతుంది. మగపిల్లల ప్రపంచ పోటీ 1975లో టొరంటోలో మొదలైంది, ఆడపిల్లలది 1988లో. మన కాల్గరీ కుర్రవాడు పాల్ గౌసెల్ 1976లోనూ 1978లోనూ గెలిచినా, మీ ఎడ్మంటన్ అమ్మాయి కెల్సీ రాక్ 2014లో స్విట్జర్లాండ్‌లోని ఫ్లిమ్స్‌లోనూ మరుసటి ఏడు టాలిన్‌లోనూ గెలిచినా, 2019లో సెలీనా స్టర్మే రజతం తెచ్చినా, వాళ్ళను అక్కడికి పంపింది సెలెక్టర్ల జాబితా కాదు. తమ ప్రావిన్సులో తక్కిన జట్లన్నిటినీ ఓడించి వెళ్ళారు.

ఇంకొక నియమం నీకు ప్రత్యేకంగా పనికివచ్చేది. ప్రపంచ జూనియర్ పోటీ జరిగే ఏటికి ముందు ఏడు జూన్ 30 నాటికి ఆటగాళ్ళకు 21 ఏళ్ళు నిండి ఉండకూడదు. ఇక్కడ గెలిచినవాళ్ళు మరుసటి సీజనులో వెళ్ళాలి కనుక, జాతీయ పోటీకి వయసు హద్దు ఒక ఏడాది తగ్గించి అండర్-20 చేశారు. నువ్వు ఆగస్టు 2007లో పుట్టావు. రెండు నెలలు ముందే పుట్టి ఉంటే వచ్చే సీజనే నీకు ఆఖరిది అయ్యేది, ఇప్పుడు ఇంకా రెండు సీజన్లు ఉన్నాయి. (మా చిన్నతనంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారే లెక్క సరిపోయేలా ఏదో ఒక పుట్టినరోజు రాసేవారు. మా క్లాసులో సగంమంది జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్టు రికార్డుల్లో ఉండేది! ఇక్కడ ఆ పప్పులు ఉడకవు.) పౌరసత్వం సంగతి పెద్దగా చెప్పవలసిన పని లేదు. ప్రపంచ సమాఖ్య రెండేళ్ళు వరుసగా ఆ దేశంలో నివాసం ఉన్నా ఒప్పుకుంటుంది, ఒలింపిక్స్‌కు మాత్రం పౌరసత్వం ఉండితీరాలి, మనకు రెండూ ఉన్నాయి.

పేర్లు ఏరి పంపే పద్ధతి కెనడాకు బొత్తిగా తెలియదని కాదు. యూత్ ఒలింపిక్స్‌కు అలాగే పంపుతారు, అక్కడ జట్టంటే ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. 2012లో ఇన్స్‌బ్రుక్‌కు యుకాన్ నుంచి ఒకరిని, బ్రిటిష్ కొలంబియా నుంచి ఒకరిని, మానిటోబా నుంచి ఇద్దరిని కలిపి పంపితే కాంస్యం వచ్చింది. 2016లో లిల్లెహామర్‌కు నోవా స్కోషియా అమ్మాయిలిద్దరినీ బ్రిటిష్ కొలంబియా అబ్బాయిలిద్దరినీ కలిపితే బంగారమే వచ్చింది. 2020లో లౌసాన్‌లో మిక్స్‌డ్ డబుల్స్‌కు నిర్వాహకులే వేర్వేరు దేశాల పిల్లలను జతకలిపారు, కెనడా కుర్రవాడు నేథన్ యంగ్ హంగరీ అమ్మాయితో కలిసి స్వర్ణం గెలిచాడు. కనుక ఏరి కూర్చిన జట్టు ఆడలేదని నేను అనను. పెద్దల ఆటలో మరొక ఉదాహరణ ఉంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ ముందు పోర్టేజ్ లా ప్రెయిరీలో జరగవలసిన మిక్స్‌డ్ డబుల్స్ అర్హత పోటీలు కోవిడ్ వల్ల రద్దయితే, రేచెల్ హోమన్‌నూ జాన్ మారిస్‌నూ దేశపు సంఘమైన కర్లింగ్ కెనడావారే ఎంచి పంపారు. దేశంలో వాళ్ళకంటే పేరున్న జోడీ అరుదు, అయినా వాళ్ళు సెమీఫైనల్ దాకా రాలేకపోయారు. దానికి ఎంపికే కారణమని చెప్పడం అన్యాయం. కాని ఆడి సంపాదించుకోవలసిన చోటును ఇచ్చి పంపారన్న మాట ఆ జోడీ వెంట అన్ని రోజులూ నడిచింది, అది వాళ్ళకూ సుఖం కాదు, ఆడే అవకాశం పోయిన తక్కిన జోడీలకూ సుఖం కాదు.

నా మట్టుకు నాకు గెలిచినవాళ్ళే వెళ్ళాలన్న పద్ధతే మేలనిపిస్తుంది. పేరు చూసి, ఊరు చూసి, కోచ్ ఎవరని చూసి ఎంచే గదిలో మనలాంటివాళ్ళకు కుర్చీ ఉండదు, రింకు మీద స్కోరుబోర్డు మాత్రం ఇంటిపేరు అడగదు. అయితే ఈ పద్ధతిలో లోపం లేదని నీకు అబద్ధం చెప్పను. ఏడాదంతా బాగా ఆడిన జట్టు ఒక వారం జ్వరాలతో, జారుడు తగ్గిన మంచు మీద, రెండు ఆటలు పోగొట్టుకుంటే కథ ముగిసినట్టే. ఆ ఏటి మిగతా ఆటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ప్రపంచ పోటీల్లో ఇది మరీ సన్నని గీత మీదికి వస్తుంది. ప్రతి జట్టూ తక్కిన అన్నిటితో ఆడే రౌండ్ రాబిన్‌లో గెలుపులు సమానమైతే ముందు ఒకరినొకరు ఎవరు ఓడించారో చూస్తారు, అప్పటికీ తేలకపోతే ప్రతి ఆటకు ముందు వలయాల నడిమధ్య ఉండే బటన్ వైపు వేసిన రెండేసి రాళ్ళ దూరాల సగటు చూస్తారు. ఒక రాయి సవ్యంగా తిరగాలి, ఒకటి అపసవ్యంగా తిరగాలి. అది ఎలా ఉంటుందో ఫిబ్రవరిలో అద్దాల వెనక నిలబడి చూశాను. నువ్వు వదిలిన రాయి హౌస్ అనే ఆ వలయాల్లోకి వచ్చి ఇక ఆగిపోతుందేమో అన్నంత మెల్లగా జరుగుతుంటే, మీ సెకండ్, అంటే నీ తర్వాత రాళ్ళు వేసే అమ్మాయి, మంచును ఊడ్చే చీపురు ఇంకా ఎత్తకుండా దాని ముందు వంగి ఉంది, రాయి నాలుగు అడుగుల వలయం లోపల ఆగింది, అంపైరు మోకాళ్ళ మీద కూర్చుని కొలత పెట్టి అంకె కాగితం మీద వేశాడు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. దాన్ని హామర్, అంటే ఆఖరి రాయి వేసే హక్కు, ఎవరికో తేల్చే లాంఛనంగా మేమందరం కబుర్లు చెప్పుకుంటూ చూశాం గాని, వారం చివర ప్లేఆఫ్‌లోకి ఎవరు వెళతారో ఆ సెంటీమీటర్లే చెప్పవచ్చు. ప్రపంచ పోటీల్లో నలుగురూ వంతులవారీగా ఆ రాళ్ళు వేయాలి, జట్టును నడిపే స్కిప్ ఒక్కరే వేస్తానంటే కుదరదు. లీడ్ అంటే ముందు రెండు రాళ్ళు వేసి ఆపైన ఊడ్చే మనిషి అని ఎవరైనా అంటే నువ్వు ఈ మాట చెప్పవచ్చు.

చోటు దేశానిదే తప్ప జట్టుది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకో. ప్రపంచ జూనియర్ పోటీల్లో పది దేశాలకే చోటు. కింది మూడు స్థానాల్లో నిలిచినవి ‘బి’ పోటీకి దిగిపోవాలి, అక్కడ మొదటి మూడు స్థానాల్లో నిలిచినవి పైకి వస్తాయి. అంటే నీకంటే ముందు వెళ్ళిన జట్టు ఎలా ఆడిందన్నదాన్ని బట్టి నీ జట్టుకు దొరికే చోటు ఉంటుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. పై వాళ్ళెవరూ మనుషులను ఎంచరు కనుక, ఆ ఎంపిక వసంతంలో, ఐసు కరిగాక, వంటింటి బల్లల దగ్గరా ఫోన్లలోనూ మీరే చేసుకుంటారు. వయసు దాటిన అమ్మాయి వెళ్ళిపోతుంది, ముగ్గురుగా మిగిలినవాళ్ళు నాలుగో మనిషి కోసం వెతుకుతారు. నిన్ను అడిగిన ముగ్గురూ నీ సెలెక్టర్లే, వాళ్ళకు నువ్వు సెలెక్టరువు. అందులో మొహమాటానికి చోటు ఇవ్వకు. రెండు ఊళ్ళూ ఒకే ప్రావిన్సులో ఉన్నాయి కనుక నివాస నిబంధనల చిక్కు మనకు లేదు. ఉన్న చిక్కు మూడు వందల కిలోమీటర్ల రోడ్డు. ఈ చలికాలమంతా శుక్రవారం సాయంత్రం బస్సులో వచ్చి ఆదివారం రాత్రి తిరిగి వెళ్ళావు, రెండో సెమిస్టరు మార్కులు దాని సంగతి చెబుతూనే ఉన్నాయి. ఎడ్మంటన్ పిల్లలు సాధన చేసే సావిల్ కేంద్రం మీ యూనివర్సిటీ దక్షిణ క్యాంపస్‌లోనే ఉంది. వారంలో నాలుగు రోజులు నలుగురూ కలిసి మంచు మీద ఉండటానికీ, శనివారం మాత్రమే కలవడానికీ తేడా స్వీపింగ్‌లో, అంటే రాయి ముందు మంచు ఊడ్చడంలో, తెలుస్తుంది. రాయి వేగాన్ని ఇద్దరు ఒకే మాటతో చెప్పడం వారానికి ఒకసారి కలిస్తే అలవడదు.

కనుక వెళ్ళమనే నా సలహా. అయితే ఒప్పుకునే ముందు కొన్ని అడుగు. వాళ్ళ స్కిప్ రెండు సీజన్లూ ఉంటుందా, లేక వయసు దాటి ఒక్క ఏడాదికే వెళ్ళిపోతుందా? అదనంగా ఉంచే ఐదో మనిషిగా ఎవరిని తీసుకుంటున్నారు, ఆ అమ్మాయి నీ చోటు మీద కన్నేసిన లీడేనా? ఎన్ని టోర్నమెంట్లకు ఊరు వదలాలి, పరీక్షల వారాల్లో ఏవైనా ఉన్నాయా? ఖర్చులో మన వాటా ఎంత? ఈ జవాబులు నోటిమాటగా కాకుండా వాళ్ళ కోచ్‌గారిని రాసి పంపమను.

కాల్గరీ పిల్లలకు ఈ కబురు వేరేవాళ్ళ ద్వారా చేరకముందే నువ్వే ఫోను చెయ్యి, మెసేజీ పెట్టి ఊరుకోకు. వాళ్ళకు కొత్త లీడును వెతుక్కోవడానికి జూన్ దాకా సమయం ఉంటే చాలు, ఆగస్టులో చెబితే వాళ్ళ సీజను పాడవుతుంది. మీ స్కిప్ వాళ్ళ అమ్మగారితో నేను మాట్లాడతాను, అయితే నువ్వు మాట్లాడిన తర్వాతే. కోచ్‌గారి జవాబు రాగానే నాకు పంపు, వాటా డబ్బు మొదటి విడత ఎప్పుడు కట్టాలో చూసి ఏర్పాటు చేస్తాను.

ఆశీస్సులతో,
నాన్న