తనిఖీలో నీళ్లు పోసి చూడమనండి: పడవల భద్రత చూసే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా పడవను తనిఖీ చేసిన అధికారి అడుగు చెక్క ఎత్తి, పడవ అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్‌ను (నీళ్లు పెరిగితే తేలి పైకి లేచి పంపును నడిపేది) వేలితో పైకి లేపారు. పంపు గుర్రుమంది. సంతకం పెట్టి వెళ్లిపోయారు. రెండు వారాలు తిరక్కుండానే, కట్టేసి ఉన్న పడవ తెల్లారేసరికి అంచుదాకా మునిగింది.

నీళ్లు తోడాక చూశాం. వల నుంచి తెగిన నైలాన్ దారం ఫ్లోట్ కీలుకు చుట్టుకుని, ఫ్లోట్ పైకి లేచినట్టే బిగుసుకుపోయింది. నీళ్లు అయిపోయినా పంపు ఆగలేదు. సగటున 3 ఆంపియర్లు లాగినా రోజుకు 72 ఆంపియర్-అవర్లు ఖర్చు. చిన్న పడవ బ్యాటరీకి అంతే సంగతులు. ఆ తర్వాత వాన పడింది. అప్పటికి పంపులో ప్రాణం లేదు.

ఫ్లోట్ కిందే ఇరుక్కుపోతే అసలు పంపే తిరగదు. కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్‌లూ వచ్చాయి కానీ, ఇంజన్ ఆయిల్, బురద పేరుకుంటే అవీ పొరబడతాయి. నన్నడిగితే స్విచ్ కన్నా వైరు జాయింట్లే ఎక్కువ భయపెడతాయి. ఉప్పునీళ్లు తగిలే చోట టేపు చుట్టి వదిలేస్తారు. టేపు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి, వేళ్ల మధ్య పొడిగా రాలుతుంది. పైనుంచి చూసేవాళ్లకు అది కనపడదు.

పంపు మీద రాసిన సామర్థ్యాన్నీ నమ్ముకోలేం. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే గంటకు సుమారు 3,600 లీటర్లు లోపలికి వస్తాయి. గంటకు 500 గ్యాలన్లు అని రాసిన పంపు తోడేది దాదాపు 1,900 లీటర్లే, అదీ నీటిని పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. అందుకే మనిషిని లేపే అలారం కావాలి. దాని ఫ్లోట్ పంపు స్విచ్ కన్నా ఎత్తులో, వేరే వైరింగ్‌తో ఉండాలి. అది లేని పడవకు అనుమతి ఇవ్వకండి. జాయింట్లన్నీ నీళ్లు చేరని ఎత్తులో ఉండాలని నిబంధనల్లో రాయించండి.

ఫ్లోట్‌ను వేలితో లేపి చూడటం మాన్పించండి. అడుగున బకెట్లతో నీళ్లు పోసి, పంపు తనంతట తాను మొదలై, తోడి, తనంతట తానే ఆగేదాకా అధికారి అక్కడే నిలబడాలి. పది నిమిషాల పని. మా పడవకు ఆ పది నిమిషాలు దక్కలేదు.

ఇట్లు,
ఒక పడవ యజమాని